పిల్లల ఆట చోటు: రెండు గదుల ఇంట్లోనైనా సరిగ్గా అమర్చుకునే పద్ధతి

"బొమ్మలు బోలెడు ఉన్నాయండీ, అయినా వాడికి ఫోనే కావాలి." దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, ఎక్కడి తెలుగింటికి వెళ్ళినా చిన్నపిల్లల తల్లులు చెప్పేది ఇదే. ఆ వెంటనే అడిగేది, ఇంట్లో ఆట చోటు ఎలా తయారుచేయాలి, ఏమేం కొనాలి అని.

కొనడం ఆఖరి పని. ముందు పిల్లల్ని గమనించాలి. తర్వాత నేల ఖాళీ చేయాలి, ప్రమాదాలు తీసేయాలి. అప్పుడు చేతికందే ఎత్తులో కొద్ది వస్తువులు పెట్టాలి. ఈ వరస తప్పితే ఎంత ఖర్చుపెట్టినా ఆ మూల నెల తిరిగేసరికి ఉతికిన బట్టల కుప్ప అవుతుంది.

ఇక్కడ చెప్పేది పాకే వయసు నుంచి ఆరేళ్ళ వరకు. అద్దె వాటాలకు, క్వార్టర్లకు, వసారా ఉన్న పాత పెంకుటిళ్ళకు, అన్నిటికీ పనికొస్తుంది.

## 1. నాలుగు రోజులు ఊరికే చూడండి

ఏమీ మార్చకుండా, వద్దనకుండా, పిల్లలు తమంతట తాము ఏం చేస్తున్నారో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. మనకు అల్లరిగా కనిపించేది చాలావరకు ఆ వయసులో శరీరం, బుర్ర అడుగుతున్న పని.

- మంచం, కుర్చీ ఎక్కి దూకుతుంటే: నేల మీద పాత పరుపు, గట్టి దిండ్లు, కదలని పొట్టి పీట కావాలి.
- డబ్బాలు తీసి పారబోస్తుంటే: నింపడానికి, ఒంపడానికి గిన్నెలు కావాలి.
- బల్ల కింద, తలుపు వెనక దూరుతుంటే: బల్ల మీద చీర కప్పి గుడారం కట్టాలి.
- చేతికి దొరికింది విసురుతుంటే: గుడ్డ బంతులు, వెయ్యడానికి ఒక బుట్ట కావాలి.
- వస్తువులు మోసుకు తిరుగుతుంటే: చిన్న చేతి సంచి, వెదురు బుట్ట కావాలి.
- చెప్పులు, మూతలు వరసగా పేరుస్తుంటే: చెక్క ముక్కలు కావాలి.

గుణుపురంలో మా బంధువుల ఇంట్లో రెండేళ్ళ పాప రోజూ వంటింట్లో పోపుల పెట్టె లాగేది. చివరికి పాతది ఒకటి కడిగి ఇచ్చేశారు. లోపల ఏడు గిన్నెలు. నడిమి గిన్నె చుట్టూ ఆరూ సరిగ్గా కూర్చుంటేనే మూత పడుతుంది. పాప అన్నీ పెట్టి మూత వేసింది. మూత ఊగుతోంది. తీసి చూసింది, ఒక గిన్నె ఒరిగి ఉంది. బొటనవేలితో దాని అంచు నొక్కి, మళ్ళీ మూత వేసి, రెండు అరచేతులతో అదిమింది. అది పడ్డాక అన్నీ బోర్లించి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అరగంట సేపు ఎవరినీ పిలవలేదు. ఆ ఇంట్లో బ్యాటరీతో పాడే బొమ్మలు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి.

మీ కాగితం మీద రాసుకున్నదే మీ కొనుగోళ్ళ లిస్టు. దాన్ని దాటి వెళ్ళకండి.

## 2. చోటు ఎంచుకోండి

పెద్దవాళ్ళు ఎక్కడ ఉంటే పిల్లలు అక్కడే ఆడతారు. మేడ మీద విడిగా గది ఇచ్చినా, బొమ్మలన్నీ మోసుకొచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుంటారు. కాబట్టి ఆ గుమ్మానికి కనుచూపు మేరలోనే చోటు చూడండి. వంటింటి లోపల మాత్రం వద్దు.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఖాళీ నేల ఉంటే చాలు. ఒక చాప పరిచేంత. పక్కన గోడ ఉంటే ఇంకా మంచిది, నిలబడటం నేర్చే పిల్లలకు ఆసరా.

చూసుకోవాల్సినవి:

- మనుషులు అటూ ఇటూ నడిచే దారి కాకూడదు. కట్టిన మేడ ఎవరో తన్నేస్తే ఆట అక్కడితో ఆగిపోతుంది.
- టీవీ కనిపించకూడదు. కదలకపోతే ఆడుకునే వేళ దానిమీద గుడ్డ కప్పండి.
- పడమటి గోడ వద్దు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం దాకా అది సెగ కక్కుతూనే ఉంటుంది. రేకుల ఇల్లయితే మధ్యాహ్నం ఆట చాపను లోపలి గదిలోకో చెట్టు నీడకో మార్చాల్సిందే.
- వానాకాలంలో చెమ్మ ఎక్కే గోడ వద్దు. జూన్ నుంచి అక్టోబరు దాకా మన వైపు ఏ గోడ తడుస్తుందో మీకు తెలుసు.

## 3. మోకాళ్ళ మీద తిరిగి ప్రమాదాలు తీసేయండి

ఈ పని సగం చేసి వదిలేయకండి. పిల్లల కళ్ళ ఎత్తుకు వంగి, మోకాళ్ళ మీద ఇల్లంతా ఒకసారి తిరగండి. నిలబడితే కనపడనివి చాలా కనిపిస్తాయి.

నీళ్ళు. నడక నేర్చే పిల్లలు బకెట్లో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళలో తలకిందులుగా పడినా లేవలేరు. అరుపు కూడా వినిపించదు. బకెట్లు ఖాళీ చేసి బోర్లించండి. గాబుకు, గోలేనికి మూత ఉండాలి. నూతికి వరలు ఎత్తుగా ఉన్నా పైన జాలీ వేయించండి. స్నానాల గదికి బయట గడియ ఉండాలి.

గొంతులో అడ్డుపడేవి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలను పరీక్షించే గొట్టం వెడల్పు సుమారు 32 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేసేది ఏదైనా ప్రమాదమే. పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, ఆ బిళ్ళ కన్నా స్పష్టంగా పెద్దవి మాత్రమే అందుబాటులో ఉంచండి. గోళీలు, గవ్వలు, చింతపిక్కలు, పగిలిన బెలూన్ ముక్కలు అన్నీ పైకి వెళ్ళాలి. మనం చిన్నప్పుడు వాటితోనే ఆడామని పెద్దవాళ్ళు అంటారు. నిజమే, ఆడినప్పుడు మన వయసు ఐదో ఆరో ఉంటుంది.

విషపు గింజలు. ఎర్రగా ముద్దుగా ఉండే గురివింద గింజలు ఆటకు ఇవ్వకండి. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలు, గన్నేరు, ఉమ్మెత్త కూడా అంతే. పెరట్లో ఉంటే తీసేయండి, లేదా దడి కట్టండి.

బటన్ బ్యాటరీలు. తిరునాళ్ళలో, రథయాత్ర అంగళ్ళలో కొనే లైట్ల బొమ్మల్లో బిళ్ళల్లాంటి బ్యాటరీలుంటాయి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మూతకు స్క్రూ లేని బొమ్మ ఇంట్లోకి రానివ్వకండి. మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మీద పడేవి. బీరువా, పుస్తకాల అల్మరా, టీవీ స్టాండు పిల్లలకు మెట్లలా కనిపిస్తాయి. ఇనుప పట్టీతో గోడకు బిగించండి. అద్దె ఇంట్లో నాలుగు మేకులకు యజమాని ఒప్పుకోకపోతే, ఆ సామాను ఆట చోటు నుంచి వేరే గదికి మార్చండి.

సీసాలు. కిరోసిన్, ఫినాయిల్, యాసిడ్ ఎప్పుడూ కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకండి. దోమల మందు ప్లగ్గు కూడా నేలకు దగ్గరగా ఉండకూడదు.

గోడ పెచ్చులు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింటు పొరలు పొరలుగా లేస్తుంటే పిల్లలు గిల్లి నోట్లో పెట్టుకుంటారు. సీసం ఎదిగే మెదడుకు హాని చేస్తుంది. పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది. తడిపి తీసి, తడిగుడ్డతో తుడిచి, పైన కొత్త రంగు వేయండి. ఆ పని జరిగేటప్పుడు పిల్లలు ఇంట్లో ఉండకూడదు.

పాములు, దోమలు. వానాకాలంలో కట్లపాము ఇంట్లోకి రావడం మన వైపు కొత్త కాదు. మంచం కింద, మూలల్లో బొమ్మల గుట్టలు పెట్టకండి. గోడకు జానెడు దూరంలో, కాళ్ళున్న అర మీద పెట్టండి. దక్షిణ ఒడిశాలో మలేరియా సంగతి కూడా అందరికీ తెలుసు. బయట వదిలేసిన టైర్లు, కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ గిన్నెల్లో వాననీళ్ళు నిలిస్తే దోమలు పెరుగుతాయి. ఆడగానే బోర్లించండి. టైరు వాడితే కింద కన్నం పెట్టండి.

బాల్కనీ ఊచల మధ్య సందు నాలుగంగుళాలకు మించితే జాలీ కట్టాలి. దాని పక్కన ఎక్కడానికి వీలయ్యే కుర్చీ, పూలకుండీ ఉండకూడదు.

## 4. నేల సిద్ధం చేయండి

పాకే పిల్లలకు గట్టి నేల కావాలి. మెత్తటి పరుపు మీద చేతులు దిగబడి ముందుకు కదల్లేరు. గచ్చు మీద తుంగచాప, పైన పలచటి బొంత వేస్తే చాలు. టైల్స్ అయితే చాప జారకుండా కింద రబ్బరు జాలీ పరచండి. ఘాటు వాసన వేసే చవక రకం ఫోమ్ మ్యాట్లు వద్దు. పిల్లలు వాటిని కొరుకుతారు.

ఇంట్లో వట్టికాళ్ళతో తిరగనివ్వండి. వేళ్ళతో నేలను పట్టుకుని నిలబడటం అలాగే వస్తుంది.

చక్రాల వాకర్ కొనకండి. ఇప్పటికే ఉంటే ఎవరికీ ఇవ్వకుండా పారేయండి. అది నడక త్వరగా నేర్పదు, పైగా మెట్ల మీంచి దొర్లించేస్తుంది. బరువైన చెక్క పీటను తోసుకుంటూ నడవడం దానికన్నా మేలు.

## 5. అర పెట్టండి, పెట్టె తీసేయండి

బొమ్మల పెట్టెలో చిన్నపిల్లలకు పై వరసే కనిపిస్తుంది. అడుగున ఉన్నది కావాలంటే అంతా కుమ్మరించాలి. కుమ్మరించాక ఏది ఎందుకో తోచక లేచి వెళ్ళిపోతారు.

రెండడుగుల ఎత్తున్న తెరిచిన అర ఒకటి చాలు. పళ్ళ వ్యాపారుల దగ్గర దొరికే చెక్క పెట్టెలు రెండు పక్కకు తిప్పి కలిపి బిగించినా సరే. మేకుల మొనలు చెక్కలోకి మడిచి, అంచులు ఉప్పు కాగితంతో (శాండ్‌పేపర్) నున్నగా రుద్దండి.

1. ఆరు నుంచి ఎనిమిది వస్తువులే పెట్టండి. మిగిలినవి అటక ఎక్కించండి.
2. ఒక్కో వస్తువు మధ్య అరచేయి పట్టేంత ఖాళీ వదలండి.
3. ముక్కలు ముక్కలుగా ఉండేవి ఒక పళ్ళెంలోనో చేటలోనో పెట్టండి. చేటతో సహా తెచ్చుకుని, చేటతో సహా పెట్టేయడం తేలిక.
4. ప్రతి వస్తువుకూ ఒకే చోటు. ఆ చోట దాని బొమ్మ గీసి అంటించండి. పక్కన పేరు తెలుగులో, ఒడియాలో రాయండి.
5. రెండు వారాలకోసారి సగం మార్చండి. పిల్లలు రోజూ తీసుకునేది మాత్రం కదిలించకండి.

కొత్తగా కొనేవాటి మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది. విశాఖ వైపు వెళ్ళినప్పుడు ఎటికొప్పాక లక్క బొమ్మలు చూడండి. సహజ రంగులతో చేసినవని అడిగి తీసుకోండి, చిన్న పుల్లలు, ఊడే గుబ్బలు లేనివి ఎంచండి. సామిల్లులో మిగిలిన చెక్క ముక్కలు తెచ్చి, ఉప్పు కాగితం పట్టించి, కొబ్బరినూనె రుద్దితే ఇరవై ముప్పై ముక్కల సెట్టు దాదాపు ఉచితంగా వస్తుంది. వాటితో వంతెన కట్టొచ్చు, రైలు చేయొచ్చు, ఇల్లు కట్టొచ్చు. బటన్ నొక్కితే ఒకే పాట పాడే బొమ్మతో రెండో ఆట లేదు.

## 6. మూలలు ఒక్కొక్కటిగా కలపండి

అన్నీ ఒకేసారి పెట్టకండి. వారానికి ఒకటి చాలు.

గీతల గోడ. మూడడుగుల ఎత్తు వరకు నల్ల బోర్డు రంగు వేయండి. అద్దె ఇల్లయితే నాలుగడుగుల ప్లైవుడ్ ముక్కకు ఆ రంగు వేసి ఆనించి బిగించండి. లావు సుద్దముక్కలు, తుడవడానికి తడిగుడ్డ పక్కనే ఉండాలి. నిలబడి, చేయి పైకెత్తి పెద్ద పెద్ద గీతలు గీస్తే భుజం, మణికట్టు గట్టిపడతాయి. తర్వాత పెన్సిల్ పట్టడానికి అదే పునాది. మార్గశిర గురువారాల్లో ఇరుగుపొరుగు ఒడియా వాళ్ళు తడిపిన బియ్యప్పిండితో ఝొటి అనే ముగ్గు వేస్తారు, మన గుమ్మంలో ముగ్గు సరేసరి. ఆ తడి బియ్యప్పిండి కొంచెం పిల్లలకూ ఇచ్చి వేళ్ళతో అద్దనివ్వండి. నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగు అది.

నీళ్ళు, ఇసుక. వసారాలో వెడల్పాటి బేసిన్, రెండంగుళాల నీళ్ళు, ఒక గరిటె, గరాటు, జల్లెడ. మీరు చేయి చాపితే అందేంత దూరంలో కూర్చోవాలి. ఫోన్ మోగినా లేవకూడదు, లేస్తే పిల్లల్ని కూడా ఎత్తుకెళ్ళాలి. ఇసుక నాగావళిదో వంశధారదో తెచ్చుకున్నా, జల్లించి, కడిగి, ఎండబెట్టి వాడండి. ఆట అయ్యాక మూత వేయకపోతే పిల్లులు పాడుచేస్తాయి.

సంత ఆట. లక్కపిడతలతో వంట ఆట అందరికీ తెలిసిందే. మన పిల్లలకు అంతకన్నా బాగా పట్టేది సంత. వారం వారం చూస్తూనే ఉంటారు కదా. గోనెపట్టా ఒకటి పరిచి, రెండు కొబ్బరి చిప్పలతో తక్కెడ కట్టి, వంకాయ, బంగాళాదుంప, నిమ్మకాయ ఇవ్వండి. మీరు కొనేవాళ్ళుగా రండి. ఒకసారి తెలుగులో బేరం చేయండి, ఇంకోసారి "కేతే?" అని ఒడియాలో అడగండి. ఏకొ, దుయి, తిని అని లెక్క నోటికి వస్తుంది. అంగన్‌వాడీలో ఒడియా మొదటిసారి విని బిక్కమొహం వేసే పిల్లలకు ఈ ఆట పెద్ద ఆసరా. ఇంట్లో తెలుగు మానేసి ఒడియానే మాట్లాడాలేమోనని టెన్షన్ పడే తల్లిదండ్రులకు నేను గట్టిగా చెప్పేది: మానకండి. అమ్మ మాట గట్టిగా వచ్చిన పిల్లలకు రెండో మాట తేలిగ్గానే ఎక్కుతుంది. వీధిలో సవర, కువి లాంటి గిరిజన భాషలు మాట్లాడే ఇళ్ళ పిల్లలుంటే వాళ్ళనూ ఆటకు పిలవండి.

పుస్తకాల తీగ. గోడకు రెండడుగుల ఎత్తున తాడు బిగువుగా కట్టి, అట్టలు కనిపించేలా నాలుగైదు పుస్తకాలు వేలాడదీయండి. తాడు కొసలు వేలాడకూడదు. తెలుగువి రెండు, ఒడియావి రెండు. కింద ఒక దిండు.

## 7. ఉయ్యాల కట్టేముందు

జూన్ మధ్యలో వచ్చే ఒడియా వాళ్ళ రొజొ పండుగకు ఊరంతా ఉయ్యాలలు కడతారు, అప్పుడు మన పిల్లలూ అడుగుతారు. కట్టండి. ఊగడం వల్ల ఒంటికి తూకం తెలుస్తుంది. ఈ నాలుగూ చూసుకుని కట్టండి:

- మునగ కొమ్మకు కట్టొద్దు, ఫట్టున విరుగుతుంది. మామిడి, వేప, చింత చెట్టుకు లావాటి పచ్చి కొమ్మ చూడండి. తుపాను గాలి తగిలిన చెట్టయితే పగుళ్ళు వెతకండి.
- ఇంట్లో అయితే స్లాబ్ కొక్కేనికి లేదా దూలానికే. ముందు ఇద్దరు పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కూర్చుని ఊగి చూడాలి.
- ముందు, వెనక ఆరేసి అడుగులు ఖాళీ ఉండాలి. కింద గచ్చు వద్దు, ఇసుక లేదా గుల్ల మట్టి ఉండాలి.
- చీర ఉయ్యాలలో పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు. మెలి తిరిగి మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. పెద్ద పిల్లలు దాన్ని ఆటకు వాడుకుంటే అక్కడే ఆపండి.

## 8. తరచుగా వచ్చే చిక్కులు

"రెండు నిమిషాలు ఆడి లేచిపోతున్నాడు." వస్తువులు ఎక్కువున్నాయి. సగం తీసేయండి. అయినా అంతే అయితే, మొదటి పది నిమిషాలు పక్కన కూర్చోండి. ఏమీ నేర్పించకండి. "ఇది ఏ రంగు, అది ఎన్ని" అని అడుగుతూ ఉంటే ఆట పరీక్షలా మారుతుంది.

"ఫోన్ లాక్కుంటే ఏడుస్తోంది." ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం రెండేళ్ళలోపు పిల్లలకు స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంటకు మించకూడదు. ఏడాది దాటిన పిల్లలకు రోజు మొత్తం మీద మూడు గంటలు ఒళ్ళు కదిలే ఆట ఉండాలి. ఫోన్ తీసే ముందే నీళ్ళ బేసిన్ సిద్ధంగా పెట్టండి. నీళ్ళను వద్దనే పిల్లలు అరుదు. మొదటి వారం కష్టం, ఇంట్లో తాతయ్యతో సహా అందరూ ఒకే మాట మీద ఉండాలి.

"అన్నీ చిందరవందర చేస్తోంది, సర్దదు." మూడేళ్ళలోపు ఒంటరిగా సర్దలేరు. "నువ్వు చెక్క ముక్కలు, నేను గిన్నెలు" అని పంచుకోండి.

"అన్నాచెల్లెళ్ళు కొట్టుకుంటున్నారు." పెద్దవాడి చిన్న చిన్న ముక్కల ఆటకు ఎత్తు బల్ల ఇవ్వండి, చిన్నదానికి చాప ఇవ్వండి. చెల్లికి అందని తన చోటు ఒకటి దొరికితే పెద్దవాడు నెమ్మదిస్తాడు.

"పాడైపోతుందని మంచి బొమ్మ అద్దాల అల్మరాలో పెట్టాం." పిల్లలకు కనిపించని గదిలోకి మార్చండి, లేదా చేతికిచ్చేయండి. కనిపిస్తూ అందకుండా పెట్టడం ఇద్దరికీ రోజూ గొడవే.

## 9. ఆదివారం పది నిమిషాల తనిఖీ

- విరిగిన, చీలిన, రంగు పెచ్చులు లేచిన బొమ్మ ఏదైనా ఉందా? బాగుచేయండి, లేదంటే పారేయండి.
- గుడ్డ బొమ్మల కుట్లు ఊడాయా? బొత్తాలు వదులయ్యాయా?
- నోట్లో పెట్టుకునేవి సబ్బు నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టారా? వాన రోజుల్లో ఫ్యాన్ కింద.
- చాప ఎత్తి కింద చెమ్మ, చీమలు, తేళ్ళు చూశారా?
- ఉయ్యాల తాడు ఒరుసుకుపోతున్న చోట చేత్తో తడిమారా?
- గాబు మూత, స్నానాల గది గడియ పనిచేస్తున్నాయా?
- ఈ వారం అసలు ముట్టని వస్తువు ఏది? అది అటక మీదికి, అక్కడిది ఒకటి కిందికి.
- పిల్లల ఎత్తు పెరిగిందా? గీతల బోర్డు, పుస్తకాల తీగ నాలుగు వేళ్ళు పైకి జరపండి. ఇదివరకు చేయి అందని అరలు ఇప్పుడు అందుతున్నాయేమో మళ్ళీ చూసుకోండి.